ఒంటి వాసన మారినప్పుడు

విజయనగరంలో చెల్లెలి ఇంట మూడు రోజులు ఉండి అమ్మ విశాఖ ఎంవీపీ కాలనీలోని మా ఇంటికి తిరిగి వచ్చింది. గుమ్మం బయట చెప్పులు విడిచి, నేరుగా నాన్న పడుకున్న గదిలోకి వెళ్ళి, చేతిసంచి కింద పెట్టకముందే అడిగింది: "పనసపండు ఎవరు కోశారు?"

ఇంట్లో పనసపండే లేదు. ఆ మూడు రోజులూ నాన్న పక్కన ఉన్నది నేను. జ్వరంతో పాటు వాంతులు. ఏమీ తినడం లేదు కాబట్టి ఇన్సులిన్ అక్కరలేదని ఆయన అనుకున్నారు, నేనూ తలూపాను. దగ్గర్లోని క్లినిక్‌లో కడుపుమంటకు మాత్రలు రాసిచ్చారు. ఊపిరి బరువుగా తీస్తుంటే నీరసం అనుకున్నాను. అమ్మ ఆయన ముఖం మీదికి వంగి ఒక్కసారి ఊపిరి పీల్చి, "ఇది మీ నాన్న వాసన కాదురా, పద ఆస్పత్రికి" అంది. అక్కడ చేసిన రక్తపరీక్షలో కీటోన్లు ప్రమాదకరమైన స్థాయిలో ఉన్నాయి.

నాన్న కోలుకున్నారు. మూడు రోజులు పక్కనే ఉన్న నాకు తెలియనిది గుమ్మం దాటగానే అమ్మకు ఎలా తెలిసిందన్న ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. జవాబు కోసం చదివినకొద్దీ, అడిగినకొద్దీ, దాన్ని తల్లి మనసు అని ఒక్క మాటలో తేల్చేయడం అమ్మకే అన్యాయమని తెలిసివచ్చింది. అందులో రసాయనశాస్త్రం ఉంది, మెదడు పనిచేసే తీరు ఉంది, ఒక మనిషి వాసనను నలభై ఏళ్ళుగా ఎరిగి ఉండటం ఉంది.

ముందు పనసపండు సంగతి. మనం తిన్న అన్నం గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. అది కండరాల్లోకీ కొవ్వు కణాల్లోకీ వెళ్ళాలంటే ఇన్సులిన్ కావాలి. ఇన్సులిన్ లేకపోతే చుట్టూ చక్కెర ఉన్నా శరీరం పస్తు ఉన్నట్టే లెక్క. అప్పుడు కొవ్వు కరుగుతుంది, ఆ కొవ్వుతో కాలేయం కీటోన్లు తయారుచేస్తుంది. వాటిలో అసిటోఅసిటేట్ అనేది దానంతట అదే విడిపోయి అసిటోన్‌గా మారుతుంది. అసిటోన్ ఇట్టే ఆవిరయ్యే ద్రవం కాబట్టి రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి శ్వాసతో గదిలోకి వచ్చేస్తుంది. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం వాసన తెలిసినవారు దాన్ని వెంటనే గుర్తుపడతారు. తెలియనివారికి బాగా మాగిన పండు తోస్తుంది. సింహాచలం కొండ కింద పనసతొనలు కొనుక్కుని పెరిగిన మా అమ్మకు పనసపండు తోచింది.

కీటోన్లలో ఎక్కువభాగం ఆమ్లాలు. అవి పేరుకుంటే రక్తం ఆమ్లపూరితం అవుతుంది. ఆ ఆమ్లాన్ని వదిలించుకోవడానికి శరీరం లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంది. నేను నీరసమనుకున్నది అదే. దీన్ని వైద్యులు డయాబెటిక్ కీటోయాసిడోసిస్ అంటారు. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, మగత దీనికి తోడొస్తాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోతుంది. జ్వరం వచ్చినప్పుడు శరీరానికి ఇన్సులిన్ అవసరం తగ్గకపోగా చాలామందిలో పెరుగుతుంది. అందుకే తినలేకపోతున్నామని ఇన్సులిన్‌ను సొంతంగా ఆపకూడదు, ఎంత వేసుకోవాలో వైద్యుణ్ణి అడగాలి. మా ఇంట్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఇంకొకటి కూడా చెప్పాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి చక్కెర వ్యాధి మాత్రలు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. వాటిని వాడేవారిలో చక్కెర అంతగా పెరగకుండానే కీటోన్లు ప్రమాదస్థాయికి చేరే అవకాశం ఉంది. గ్లూకోమీటరులో అంకె బాగానే ఉందని ధీమాగా ఉండిపోతే మోసపోతాం.

అయితే అసిటోన్ వాసన వచ్చిన ప్రతిసారీ కంగారు పడాలా? కార్తిక సోమవారం ఉపవాసం ఉన్నవారి నోటి నుంచి సాయంత్రానికి అదే వాసన కొద్దిగా రావచ్చు. అన్నం మానేసి కొవ్వుమీద నడిచే ఆహార పద్ధతి పాటించేవారికీ వస్తుంది. వారి ఒంట్లో ఇన్సులిన్ ఉంది కాబట్టి కీటోన్లు ఒక హద్దు దాటవు. అదే రసాయనం, అదే వాసన. ఒకరిలో అది ఉపవాసపు గుర్తు, ఇంకొకరిలో ప్రాణాపాయం. తేడా చెప్పేది ఆ మనిషి పరిస్థితి, తర్వాత పరీక్ష. ముక్కు ఒక్కటే తీర్పు చెప్పలేదు.

అసలు మనిషికి వాసన ఎక్కడి నుంచి వస్తుంది? చెమట దాదాపు వాసన లేనిది. చంకల్లోని ప్రత్యేక గ్రంథుల స్రావాన్నీ, చర్మంపై ఊరే సీబం అనే నూనెనూ అక్కడి బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు వాసన పుడుతుంది. శ్వాస, మూత్రం, లాలాజలం తమ వంతు కలుపుతాయి. ఒంట్లో జరిగే మార్పు వీటిలో ఏదో ఒక దారిన బయటికి రావలసిందే. అలా వచ్చిన అణువులు మన ముక్కు పైభాగంలోని గ్రాహకాలకు తగులుతాయి. రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ ఆ గ్రాహకాల జన్యువులను 1991లో కనుగొన్నారు, 2004లో నోబెల్ అందుకున్నారు. మనుషుల్లో పనిచేసేవి సుమారు 400 రకాలు. ఒక్కో వాసన వాటిలో కొన్నింటిని కలిపి మీటుతుంది, తీగలు కలిపి మీటినట్టు. ఆ సంకేతం భావోద్వేగాలనూ జ్ఞాపకాలనూ చూసే మెదడు భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరుతుంది. కాబట్టే ఒక వాసన పేరు తట్టకముందే మనిషి తడతాడు. తెలుగులో వాసన అంటే ముక్కుకు తగిలేదే కాదు, మనసులో మిగిలిపోయిన ముద్ర కూడా. పూర్వజన్మ వాసన అనే మాటలో ఉన్నది ఆ అర్థమే. దేన్నైనా ముందే గ్రహించడాన్ని మనం పసిగట్టడం అంటాం, ఆ పసి అంటే వాసనే.

రోగి వాసన మారడం కల్పన కాదని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో మాట్స్ ఓల్సన్ బృందం చేసిన ప్రయోగం చూపించింది. 2014లో ప్రచురితమైంది. ఎనిమిది మంది ఆరోగ్యవంతులకు ఒకసారి బ్యాక్టీరియా కణపు గోడలోని విషపదార్థాన్ని, మరోసారి ఉత్త ఉప్పునీటిని సూదిమందుగా ఇచ్చారు. మొదటిది జబ్బు రాకుండానే రోగనిరోధక వ్యవస్థను రేపెడుతుంది. వారు నాలుగు గంటలు తొడుక్కున్న టీషర్టులను 40 మందికి వాసన చూడమని ఇచ్చారు. రోగనిరోధక వ్యవస్థ రేగినప్పటి చొక్కాల వాసన మరింత ఘాటుగా, రోతగా ఉందన్నారు వాళ్ళు. ఎవరికీ ఆ చొక్కా ఎవరిదో తెలియదు. జబ్బు బయటపడకముందే, కొన్ని గంటల్లోనే, శరీరం కబురు పంపడం మొదలుపెడుతుందన్న మాట.

ఇక నన్ను కదిలించిన కథ స్కాట్లండ్‌లోని పెర్త్ పట్టణానిది. జాయ్ మిల్న్ అనే విశ్రాంత నర్సు భర్త లెస్, మత్తుమందు వైద్యుడు. ఆయనకు ముప్పై దాటిన కొత్తలో ఒంటి వాసన మారిందని ఆమెకు తోచింది. కస్తూరిలా, జిడ్డుగా, ఏదో ముక్కిన వాసన. సరిగా స్నానం చేయడం లేదేమోనని ఆయన్ను సాధించింది. ఆయనకు కోపం వచ్చేది. ఆ తర్వాత పదేళ్ళకు పైగా గడిచి, 45వ ఏట ఆయనకు చేతులు వణికించే పార్కిన్సన్స్ అనే నరాల వ్యాధి ఉందని తేలింది. మరికొన్నేళ్ళకు పార్కిన్సన్స్ రోగుల సమావేశానికి ఇద్దరూ వెళ్ళారు. ఆ గదినిండా ఆమెకు తన భర్త వాసనే తగిలింది.

2012లో ఎడిన్‌బరోలో ఆ వ్యాధిపై టిలో కునాత్ అనే శాస్త్రవేత్త ప్రసంగించినప్పుడు ఆమె లేచి, ఈ రోగుల వాసన మీద ఎవరైనా పనిచేస్తున్నారా అని అడిగింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత కునాత్ ఆమెను వెతికి పట్టుకుని పరీక్ష పెట్టాడు. ఆరుగురు రోగులవి, ఆరుగురు ఆరోగ్యవంతులవి, మొత్తం 12 చొక్కాలు. ఆరుగురు రోగులనూ ఆమె సరిగా చెప్పింది. ఆరోగ్యవంతుల్లో ఒకరికి కూడా వ్యాధి ఉందంది. అదొక్కటే ఆమె తప్పు అనుకున్నారు. సుమారు ఎనిమిది నెలల తర్వాత ఆ మనిషికీ పార్కిన్సన్స్ నిర్ధారణ అయింది.

వాసన చంకల దగ్గర కాకుండా మెడ వెనుక, వీపు పైభాగంలో ఎక్కువగా ఉందని ఆమె చెప్పడంతో పరిశోధన చెమటను వదిలి సీబం వైపు మళ్ళింది. పార్కిన్సన్స్ రోగుల చర్మం జిడ్డుగా మారుతుందని వైద్యులకు ముందే తెలుసు. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో పెర్డిటా బారన్ బృందం 2019లో ఆ నూనెలో హెచ్చుతగ్గులైన కొన్ని రసాయనాల పేర్లు బయటపెట్టింది. వీపు మీద దూదిపుల్లతో తుడిచి, యంత్రంలో పరీక్షించి వ్యాధిని ముందే కనిపెట్టే పద్ధతి కోసం అప్పటి నుంచి కృషి సాగుతోంది. లెస్ 2015లో కన్నుమూశారు. ఈ పని వదలవద్దని భార్యను కోరి వెళ్ళారు.

ఈ వ్యాధిలో ఇంకో విషయం ఉంది. చేతుల వణుకు మొదలవడానికి ఏళ్ళ ముందే చాలామంది రోగుల ముక్కు మొద్దుబారుతుంది. అంటే మారిన వాసన ఆ మనిషికే తెలియదు. పక్కనున్నవారు చెప్పవలసిందే.

నార్వేలో ఇంకో తల్లి కథ. ఇద్దరు పిల్లలకూ బుద్ధి ఎదగడం లేదు, వారి నుంచి ఏదో వింత వాసన. ఏళ్ళ తరబడి వైద్యుల దగ్గర మొత్తుకున్నా ఎవరికీ పట్టలేదు. 1934లో ఆస్బ్‌యోర్న్ ఫోలింగ్ అనే వైద్యుడు ఆ మాటను తీసి పారేయలేదు. పిల్లల మూత్రానికి ఫెరిక్ క్లోరైడ్ కలిపాడు. అది ఆ రోజుల్లో కీటోన్ల కోసం మధుమేహులకు చేసే పరీక్ష. మామూలుగా రావలసిన రంగు రాలేదు, ముదురు ఆకుపచ్చ వచ్చింది. దాదాపు 20 లీటర్ల మూత్రం పోగుచేయించి, అందులోంచి ఫినైల్‌పైరువిక్ ఆమ్లాన్ని విడదీశాడు. ఫినైల్‌కీటోన్యూరియా అనే జన్యువ్యాధి అలా లోకానికి తెలిసింది. ఇప్పుడు పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో దాన్ని పట్టుకుని, ఆహారం మార్చి బిడ్డ బుద్ధిని కాపాడగలుగుతున్నారు. ఆ తల్లి పిల్లలకు మాత్రం అప్పటికే ఆలస్యమైంది.

మన వైద్యం ముక్కును తక్కువ చేయలేదు. రోగాన్ని తెలుసుకోవడానికి ఐదు ఇంద్రియాలు, ఆరోది ప్రశ్న అని సుశ్రుత సంహిత చెబుతుంది. వ్రణాల వాసనను విడిగా వర్ణిస్తుంది. చరక సంహిత ఇంద్రియస్థానంలో ఒక అధ్యాయం కారణం లేకుండా ఒంటి నుంచి పూల వాసన రావడాన్ని మరణ సూచనగా లెక్కిస్తుంది. దాన్ని నేను నమ్మమనడం లేదు. సువాసనను కూడా రోగలక్షణంగా గమనించిన ఆ శ్రద్ధే నాకు ముఖ్యం.

విశాఖలోని పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో నర్సుగా పనిచేసి రిటైరైన మా పెద్దమ్మను అడిగాను. ఆవిడ ముందు కట్టుకట్టిన పుండ్ల గురించే చెప్పింది. "కట్టు విప్పకముందే వాసన చెబుతుంది నాన్నా. ఒక పుండు మురిగిన ద్రాక్ష వాసన వేస్తుంది, అది ఒక రకం సూక్ష్మజీవి. ఇంకోటి కుళ్ళు కంపు కొడుతుంది, గాలి తగలనిచోట పెరిగేది వేరు." మొదటిది సూడోమోనాస్ బ్యాక్టీరియా, అది విడుదల చేసే పదార్థానికి నిజంగానే ద్రాక్షపండు వాసన ఉంటుంది. ఏ మందు వాడాలో మాత్రం ప్రయోగశాల పరీక్ష చెప్పాలి.

అప్పుడు మామయ్య గుర్తొచ్చారు. ఆషాఢ పౌర్ణమికి సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు చెప్పులు లేకుండా ప్రదక్షిణ చేసి వచ్చారు. ఆయనకు చక్కెర వ్యాధి ఇరవై ఏళ్ళది. పాదాల్లో నరాలు మొద్దుబారాయి కాబట్టి కాలివేళ్ళ మధ్య బొబ్బ చితికినా నొప్పి తెలియలేదు. పది రోజులకు మంచం దగ్గర అత్తయ్యకు ఏదో కుళ్ళిన వాసన తగిలింది. అది మామయ్య నుంచి వస్తోందని ఆవిడకు తెలిసినా, కంపు అన్న మాట నోటికి రాలేదు. ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, తువాలు తెచ్చి కింద కూర్చుని, "ఏమండీ, ఒకసారి మీ కాళ్ళు ఇలా చాపండి" అంది. ఒక వేలు తీసేయవలసి వచ్చింది, పాదం దక్కింది. నొప్పి చెప్పలేని చోట వాసన చెప్పిందని నేను ఇప్పుడు అనుకుంటాను. మధుమేహం ఉన్నవారి పాదాలు రోజూ చూడాలని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే. వాసన వచ్చేదాకా ఆగకూడదు.

ముక్కు ఆలస్యంగా చేరే చోట్లూ ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి కిడ్నీ రోగులు దశాబ్దాలుగా విశాఖ ఆస్పత్రులకు వస్తున్నారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగిన యూరియా లాలాజలంలోకి చేరుతుంది, నోటిలోని బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. నోటి నుంచి మూత్రపు ఘాటు వస్తుంది. కాని ఆ వాసన వచ్చేసరికే వ్యాధి ముదిరిపోయి ఉంటుంది. ఉద్దానంలో ముక్కును నమ్ముకుని కూర్చుంటే నష్టమే. అక్కడ కావలసింది కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష, అవీ ముందుగానే. కాలేయం చెడినప్పుడు శ్వాసలో వచ్చే తియ్యటి ముక్కిన వాసన కూడా అంతే. గంధకం ఉన్న డైమిథైల్ సల్ఫైడ్ వంటి పదార్థాలను కాలేయం వడకట్టలేకపోవడం వల్ల అది వస్తుంది. దానితో పాటు మాట తడబడినా, పగలూ రాత్రీ తారుమారైనా ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్ళాలి.

చిన్నపిల్లల విషయంలో ఒకటి చెప్పి ముందుకు వెళతాను. పిల్లవాడికి ఒక్క ముక్కు రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే జలుబు అనుకోకండి. పూసో, గింజో, రబ్బరు ముక్కో లోపల ఇరుక్కుని ఉండవచ్చు. చిన్న బటన్ బ్యాటరీ అయితే గంటల్లోనే ముక్కు లోపలి భాగాన్ని కాల్చేస్తుంది. ఇంట్లో పుల్లలు పెట్టి తీయబోకుండా చెవి, ముక్కు, గొంతు వైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. నాకెందుకు తెలియలేదు? ముక్కు ఒకే వాసనలో ఉంటే కొద్ది నిమిషాల్లోనే దాన్ని లెక్క నుంచి తీసేస్తుంది. ఫిషింగ్ హార్బరు దగ్గర ఉండేవారికి ఎండుచేపల వాసన తెలియదు, బస్సు దిగిన కొత్తవారికి తెలుస్తుంది. నాన్న వాసన గంటగంటకూ కొద్దికొద్దిగా మారింది, నా ముక్కు దానితో పాటే సర్దుకుంది. అమ్మ మూడు రోజుల ఎడంతో వచ్చింది, పాత వాసన గుర్తు చెదరకుండా వచ్చింది. దగ్గరితనం, దూరం రెండూ కలిస్తేనే ఆ మార్పు పట్టుబడుతుంది. బయటి ఊరి నుంచి వచ్చిన కూతురో, పండుగకు వచ్చిన మేనల్లుడో "ఏదో వాసన తేడాగా ఉంది" అంటే ఇంట్లోవారు విసుక్కుంటారు. ఆ ఇంట్లో ఆ క్షణంలో సరైన ముక్కు ఆ వచ్చినవారిదే.

అలాగని ప్రతి మార్పూ రోగం కాదు. నలభై దాటాక చర్మపు నూనెలు ఆక్సిజన్‌తో కలిసి 2-నోనెనాల్ అనే పదార్థం ఏర్పడుతుందని జపాన్ పరిశోధకులు 2001లో చూపించారు. తాతయ్య దుప్పటికి ఉండే ఆ వాసన వయసుది. వెల్లుల్లి, మెంతులు, కొన్ని మాత్రలు, విశాఖ ఉక్కపోత అన్నీ వాసనను మారుస్తాయి. ముసలివారి మూత్రం ఘాటుగా ఉంటే చాలాసార్లు నీళ్ళు తక్కువ తాగడమే కారణం. కోవిడ్ తర్వాత కొందరికి కాఫీ కూడా కుళ్ళు వాసన వేసింది. అలాంటప్పుడు మారింది ఎదుటివారి ఒళ్ళు కాదు, వాసన చూసేవారి ముక్కే. అందరి దగ్గరా అదే వాసన తోస్తుంటే ముందు తన ముక్కును చూపించుకోవాలి.

వీటన్నిటికంటే పెద్ద అడ్డు సిగ్గు. పాత తెలుగులో కంపు అంటే పరిమళం కూడా. ఇప్పుడు ఆ మాట అంటే తిట్టే. అందుకే చూసినదీ విన్నదీ చెప్పగలిగినంత తేలికగా వాసన చూసింది చెప్పలేం. స్నానం చేయలేదా అని అడిగిన ప్రశ్న మంచంలో ఉన్న మనిషికి అవమానమై తగులుతుంది. వైద్యుడి దగ్గర కూడా నసుగుతాం. నేను ఆస్పత్రిలో ఆ పనసపండు మాట చెప్పడానికి మొహమాటపడ్డాను, అమ్మ చెప్పింది. ఎలాంటి వాసన, ఊపిరిదా చర్మానిదా మూత్రానిదా, ఎప్పటి నుంచి, దానితో పాటు ఇంకేం మారింది అన్న నాలుగు మాటలు ఉంటే వైద్యుడికి ఏ పరీక్ష చేయాలో దారి దొరుకుతుంది. రోగితో మాట్లాడేటప్పుడు వాసన పేరు ఎత్తవలసిన పనే లేదు. మా అత్తయ్య గిన్నెలో నీళ్ళు తెచ్చుకుంది.

మా ఫ్రిజ్ తలుపు మీద ఇప్పుడు ఒక కాగితం ఉంది. జ్వరం వస్తే ఇన్సులిన్ ఎంత, ఎన్ని గంటలకోసారి చక్కెర చూడాలి, ఎప్పుడు 108కి ఫోను చేయాలి అన్నీ వైద్యుడు రాసిచ్చారు. పక్క అరలో మూత్రంలో కీటోన్లు చూసే పట్టీల డబ్బా ఉంది. అమ్మ మళ్ళీ విజయనగరం వెళ్ళినప్పుడు రాత్రి ఫోను చేసి అన్నం, మందులు అడిగాక చివర్లో అడుగుతుంది: "నాన్న దగ్గర వాసన ఎలా ఉందిరా?" నేను వెంటనే చెప్పను. మేడ మీదికి వెళ్ళి సముద్రపు గాలిలో ఐదు నిమిషాలు నిలబడి, మళ్ళీ కిందికి దిగి, ఆయన గదిలోకి వెళ్ళి దుప్పటి సర్దుతూ కాస్త వంగి ఊపిరి పీల్చి, అప్పుడు చెబుతాను.